స్లాఫ్‌కోవ్‌స్కీనా, రైట్‌నా? మాంట్రియల్ ఎంపికపై వాదన ఎందుకు తెగడం లేదు

క్లుప్తంగా: ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే 2022 డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం దక్కిన మాంట్రియల్ కెనేడియన్స్, మూడేళ్లుగా అందరి నోళ్లలో నానిన కెనడా కుర్రాడు షేన్ రైట్‌ను వదిలి స్లొవేకియా కుర్రాడు యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీని ఎంచుకుంది. ఆ తర్వాత మూడేళ్లలోనే అభిమానుల తీర్పు తిరగబడి, మళ్లీ సందేహంలో పడింది. పద్దెనిమిదేళ్ల ఆటగాణ్ని ఏ కొలతతో, ఏ తేదీన తూచాలన్న దానిపై ఒప్పందం లేకపోవడమే దీనికి మూలం. ఎంపిక నాణ్యతను, ఎంపిక తర్వాత జరిగిన శిక్షణను విడదీసి చూడటం కుదరకపోవడం రెండో కారణం.

2022 జులై 7న మాంట్రియల్‌లోని బెల్ సెంటర్‌లో డ్రాఫ్ట్ జరిగింది. ఆతిథ్యమిచ్చిన జట్టే మొదటి ఆటగాణ్ని ఎంచుకోవడం 1985లో టొరాంటో తర్వాత అదే మొదలు. స్టేడియం నిండా సొంత అభిమానులే. వేదిక మీద స్లాఫ్‌కోవ్‌స్కీ పేరు వినిపించేసరికి చప్పట్లతో పాటు విస్మయం కూడా వ్యక్తమైంది. రెండో స్థానంలో న్యూజెర్సీ డెవిల్స్ మరో స్లొవేకియా కుర్రాడు, డిఫెన్స్ ఆటగాడు షిమొన్ నెమెత్స్‌ను తీసుకుంది. మూడో స్థానంలో అరిజోనా కొయొటీస్ అమెరికా కుర్రాడు లోగన్ కూలీని తీసుకుంది. రైట్ పేరు నాలుగో స్థానంలో సియాటిల్ క్రాకెన్ పిలిచేదాకా వినబడలేదు. వేదిక మీదకు వెళ్లాక అతను మాంట్రియల్ బల్ల వైపు ఓ చూపు చూశాడని టీవీ తెరలు పదే పదే చూపించాయి. చూపుకి అర్థం ఏమైనా కానీ, వాదన మాత్రం ఆ రాత్రే రాజుకుంది.

అవకాశం ఎలా వచ్చింది

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ వాళ్లకి ఉత్తర అమెరికా ఐస్ హాకీ డ్రాఫ్ట్ తీరు కొత్తగా అనిపిస్తుంది. వేలంలో ఏ ఆటగాడి కోసమైనా అన్ని ఫ్రాంచైజీలూ పోటీ పడొచ్చు. జేబులో డబ్బుంటే చాలు. డ్రాఫ్ట్‌లో డబ్బుతో పని లేదు, వరుసే ముఖ్యం. గత సీజన్‌లో వెనకబడిన జట్లకు ముందు వరుస దక్కుతుంది. మొత్తం ఏడు రౌండ్లు, 32 జట్లు. ఒక జట్టు ఎంచుకుంటే ఆ కుర్రాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ జట్టుకే సొంతం. వేలంలో తప్పు చేస్తే కొంత సొమ్ము పోతుంది, మరుసటి ఏడాది దిద్దుకోవచ్చు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ 20 లక్షలకు కొని, తర్వాత 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. అతను రాణించకపోయినా పోయేది పెద్దగా ఉండేది కాదు. డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం అలా కాదు, ఒక జట్టుకి అది దశాబ్దాలకోసారి కూడా రాకపోవచ్చు. మాంట్రియల్‌కి అంతకుముందు వచ్చింది 1980లో.

కావాలని ఓడి ముందు వరుసలోకి రాకుండా లీగ్ ఒక లాటరీ పెట్టింది. చివరి స్థానంలో ఉన్న జట్టుకి మొదటి బంతి తగిలే అవకాశం 18.5 శాతం. 2022 నుంచి, లాటరీ గెలిచిన జట్టు పది స్థానాలకు మించి పైకి ఎగబాకకూడదన్న నియమం వచ్చింది. దాంతో చివరి జట్టుకి మొదటి ఎంపిక దక్కే వాస్తవ అవకాశం 25.5 శాతానికి పెరిగింది. 2021లో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లిన మాంట్రియల్, మరుసటి సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 22 మాత్రమే గెలిచి 55 పాయింట్లతో లీగ్ అట్టడుగుకు జారింది. మే 10న లాటరీ కూడా వాళ్లనే వరించింది.

ముందు వరుస విలువ జీతాల లెక్కలోనూ ఉంది. లీగ్‌లో ప్రతి జట్టుకీ మొత్తం జీతాలపై గట్టి పరిమితి ఉంది. 2022లో ఎంపికైన కుర్రాళ్ల మొదటి మూడేళ్ల ఒప్పందంలో మూల జీతం ఏడాదికి 9.5 లక్షల డాలర్లు దాటకూడదు. లీగ్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లు అందుకునే దానిలో అది పదో వంతు కూడా కాదు. అంటే మంచి కుర్రాడు దొరికితే మూడేళ్లపాటు జట్టుకి చవకగా గొప్ప ఆట దొరుకుతుంది, మిగిలిన డబ్బుతో చుట్టూ జట్టు కట్టుకోవచ్చు. అభిమానులు ఇంత పట్టుబట్టి వాదించడానికి ఇదీ ఒక కారణం.

ఇద్దరు కుర్రాళ్లు, పొంతన లేని లెక్కలు

రైట్ 2004 జనవరిలో పుట్టాడు. కెనడాలోని ఒంటారియో జూనియర్ లీగ్‌లో సాధారణంగా పదహారేళ్లకు ఆడనిస్తారు. అతనికి 2019లో ప్రత్యేక అనుమతితో పదిహేనేళ్లకే ఆడే అవకాశం ఇచ్చారు. ఆ లీగ్‌లో అంతకుముందు ఆ అనుమతి పొందింది నలుగురే: జాన్ తవారెస్, ఆరన్ ఎక్‌బ్లాడ్, కానర్ మెక్‌డేవిడ్, షాన్ డే. వీళ్లలో మొదటి ముగ్గురూ తమ తమ ఏడాదుల్లో డ్రాఫ్ట్‌లో తొలి స్థానంలోనే ఎంపికయ్యారు. షాన్ డే మాత్రం మూడో రౌండ్‌కి, 81వ స్థానానికి జారాడు. అభిమానుల మనసులో ఉన్నది ఆ ముగ్గురే.

తొలి ఏడాది రైట్ కింగ్‌స్టన్ జట్టుకు 58 మ్యాచ్‌ల్లో 66 పాయింట్లు సాధించాడు (హాకీలో గోల్‌కి ఒకటి, గోల్‌కి దారితీసిన పాస్‌కి ఒకటి). తర్వాతి సీజన్‌ని కోవిడ్ మింగేసింది. ఆ ఏడాది అతను ఆడిన చెప్పుకోదగ్గ టోర్నీ టెక్సస్‌లో జరిగిన అండర్-18 ప్రపంచ పోటీలు. అందులో 5 మ్యాచ్‌లకు 14 పాయింట్లు, జట్టుకు స్వర్ణం. డ్రాఫ్ట్ ఏడాదిలో 63 మ్యాచ్‌లకు 94 పాయింట్లు. ఎవరికైనా ఇవి మంచి అంకెలే. కాకపోతే మూడేళ్ల ముందు నుంచీ నంబర్ వన్ అని పేరు మోసిన కుర్రాడి నుంచి స్కౌట్లు (కుర్రాళ్ల ఆటను గమనించి అంచనా వేసేవాళ్లు) ఆశించింది లీగ్‌ను ఊపేసే సీజన్. మధ్యలో పోయిన ఆ ఒక్క ఏడాది అతని ఎదుగుదలను ఎంత దెబ్బతీసిందో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు.

స్లాఫ్‌కోవ్‌స్కీ 2004 మార్చిలో కొషిట్సెలో పుట్టాడు. డ్రాఫ్ట్ ఏడాదిలో ఫిన్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో టర్కు నగరపు టీపీఎస్ జట్టుకు, పెద్దవాళ్ల మధ్య ఆడాడు. 31 మ్యాచ్‌ల్లో 5 గోల్స్, 5 అసిస్ట్‌లు, మొత్తం 10 పాయింట్లు. పక్కన రైట్ 94 పాయింట్లు పెట్టి చూస్తే నవ్వు రావడం సహజం. కానీ ఆడిన మైదానాలు వేరు. ఒకరు పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్ల లీగ్‌లో, జట్టులో ఎక్కువసేపు ఐస్ మీద ఉండే ప్రధాన ఆటగాడిగా ఆడాడు. మరొకరు ముప్ఫై ఏళ్ల వృత్తి ఆటగాళ్ల మధ్య వచ్చిన కొద్ది నిమిషాల్లో ఆడాడు.

ఈ తేడాను సరిచేయడానికి విశ్లేషకులు లీగ్ మార్పిడి లెక్కలు వాడతారు. ఒక లీగ్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌కి వచ్చిన వాళ్ల పాయింట్లు సగటున ఎంత తగ్గాయో చూసి, ఆ లీగ్‌కి ఒక గుణకం కడతారు. వందల మంది సగటుకి ఇది బాగానే పనిచేస్తుంది. ఒక్క కుర్రాడి విషయంలో మాత్రం బొత్తిగా నమ్మలేం; జట్టులో అతనికి ఎంత సమయం ఇచ్చారు, పక్కన ఎవరు ఆడారు, గోల్‌కీపర్లు ఎలా ఆపారు అన్నవి గుణకంలో ఇమడవు.

అసలు మలుపు 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో వచ్చింది. పదిహేడేళ్ల స్లాఫ్‌కోవ్‌స్కీ 7 మ్యాచ్‌ల్లో 7 గోల్స్ కొట్టి టోర్నీలో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. స్వతంత్ర దేశంగా స్లొవేకియాకి ఐస్ హాకీలో తొలి ఒలింపిక్ పతకం, కాంస్యం, అప్పుడే దక్కింది. మే నెలలో పెద్దల ప్రపంచ పోటీల్లో 8 మ్యాచ్‌లకు 9 పాయింట్లు జోడించాడు. రైట్ పక్షం వాళ్ల ప్రశ్న కూడా న్యాయమైనదే: బీజింగ్‌కి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు వెళ్లలేదు, ఏడు మ్యాచ్‌లు చిన్న నమూనా, కొట్టిన షాట్లలో అంత శాతం గోల్స్ కావడం ఎవరికీ ఏడాది పొడవునా సాగదు. 31 లీగ్ మ్యాచ్‌ల 5 గోల్స్‌ను పక్కనపెట్టి 7 మ్యాచ్‌ల 7 గోల్స్‌ను ఎందుకు నమ్మాలి?

దీనికి క్లబ్ వైపు నుంచి ఊహించదగ్గ జవాబు ఒకటే. స్కౌట్లు గోల్స్ లెక్కతో ఆగరు, ఆ గోల్స్ ఎలా వచ్చాయో చూస్తారు. ఆరడుగుల మూడంగుళాలు దాటిన ఎత్తు, దానికి తగ్గ బరువు ఉన్న కుర్రాడు ఇరుకు చోట పక్‌ని (హాకీ బిళ్లను) కాపాడుకుంటూ పెద్దవాళ్లను నెట్టుకెళ్తున్నాడంటే, పాయింట్లు ఇవాళ రాకపోయినా రేపు రావచ్చన్నది వాళ్ల పందెం. రైట్ ఆటలో లోపాలు తక్కువ. అయితే అతను ఇప్పటికే తన శిఖరానికి దగ్గరగా ఉన్నాడేమో అన్న అనుమానం కూడా ఉండేది. ఒకరి విషయంలో ఖాయమైన మంచి ఆటగాడు, మరొకరి విషయంలో విఫలమయ్యే ప్రమాదంతో కూడిన అరుదైన ఆటగాడు. ఇక్కడ ఎటు మొగ్గాలన్నది అంకెల మీదకన్నా, ఎంత ప్రమాదానికి సిద్ధపడతామన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. లీగ్ అధికారిక స్కౌటింగ్ విభాగం ఉత్తర అమెరికాలో ఆడే వాళ్లకి ఒక జాబితా, యూరప్‌లో ఆడే వాళ్లకి ఇంకో జాబితా ఇస్తుంది. మొదటి దానిలో రైట్ నంబర్ వన్, రెండో దానిలో స్లాఫ్‌కోవ్‌స్కీ నంబర్ వన్. ఇద్దరినీ ఒకే వరుసలో పెట్టే అధికారిక జాబితా అంటూ లేదు. 'జాబితాను ధిక్కరించారు' అన్న ఆరోపణ వెనక ఉన్నది టీవీ ఛానళ్ల, వెబ్‌సైట్ల ర్యాంకింగ్‌లే. పైగా రైట్‌ను వదిలింది మాంట్రియల్ ఒక్కటే కాదు. న్యూజెర్సీకి అప్పటికే నికో హిషియర్, జాక్ హ్యూస్ అనే ఇద్దరు మంచి సెంటర్లు (మధ్యలో ఆడేవాళ్లు) ఉన్నారు కనుక వాళ్ల నిర్ణయాన్ని అర్థం చేసుకోవచ్చు. అరిజోనా మాత్రం రైట్ లాగే సెంటర్ అయిన కూలీని తీసుకుంది. మూడు క్లబ్బులు ఒకే రాత్రి ఒకే పేరును దాటేశాయంటే, బయట కనబడని అంచనా ఏదో లీగ్ లోపల మారిందనే అనుకోవాలి. అభిమానుల కోపం మాత్రం మొదటి క్లబ్బు దగ్గరే ఆగిపోయింది.

"మాకు సెంటర్ కావాలి"

మాంట్రియల్ అభిమానుల వాదనలో బలమైన అంశం స్థానం. సెంటర్ అంటే మధ్యలో ఆడేవాడు; ఫేసాఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) తీసేది, రెండు వైపులా పరుగెత్తేది, ఆటను నడిపేది అతనే. స్లాఫ్‌కోవ్‌స్కీ వింగర్, పక్కన ఆడేవాడు. దశాబ్దాలుగా మంచి సెంటర్ల కొరతతో సతమతమైన జట్టు, చేతికొచ్చిన సెంటర్‌ను వదిలి వింగర్‌ను తీసుకోవడం ఏమిటన్నది ప్రశ్న.

దానికి జవాబు అదే క్లబ్బు చరిత్రలో ఉంది. 2018లో మూడో స్థానంలో మాంట్రియల్ సరిగ్గా ఈ తర్కంతోనే ఫిన్లండ్ సెంటర్ జెస్పెరి కొట్కానియెమిని తీసుకుంది. నాలుగో స్థానంలో ఒటావాకు బ్రేడీ కచుక్ దక్కాడు. తర్వాత ఆ జట్టు కెప్టెన్ అయ్యాడు. ఏడో స్థానంలో వాంకూవర్‌కు క్విన్ హ్యూస్ దక్కాడు. 2024లో లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. కొట్కానియెమి 2021లో కారొలైనా ఇచ్చిన 61 లక్షల డాలర్ల ఆఫర్‌తో వెళ్లిపోయాడు. పరిహారంగా మాంట్రియల్‌కి మిగిలింది ఒక మొదటి రౌండ్, ఒక మూడో రౌండ్ ఎంపిక. జట్టు అవసరం ఏడాదికోసారి మారుతుంది. డ్రాఫ్టయిన కుర్రాడు పక్వానికి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అవసరాన్ని బట్టి ఎంచుకుంటే ఈ రెండు కాలాలూ కలవవు.

2022లో క్లబ్బు పగ్గాలు కొత్త చేతుల్లో ఉన్నాయి. హాకీ వ్యవహారాల అధిపతి జెఫ్ గోర్టన్ 2021 నవంబర్‌లో, జనరల్ మేనేజర్ కెంట్ హ్యూస్ 2022 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. సెంటర్ కొరతను వాళ్లు అదే రోజు వేరే దారిలో తీర్చుకున్నారు. డిఫెన్స్ ఆటగాడు అలెగ్జాండర్ రొమానోవ్‌ను న్యూయార్క్ ఐలాండర్స్‌కి ఇచ్చి 13వ ఎంపిక తెచ్చారు. దానికి మరో ఎంపిక కలిపి షికాగోకి ఇచ్చి కర్బీ డాక్‌ను తెచ్చారు. డాక్‌ని తర్వాత గాయాలు వదల్లేదు, అది వేరే కథ. స్లాఫ్‌కోవ్‌స్కీ ఎంపికను ఒంటరిగా చూసి తిట్టిన వాళ్లలో చాలామంది, అదే గంటల్లో జరిగిన ఈ రెండో ఎత్తును లెక్కలోకి తీసుకోలేదు.

1980 నీడ

మాంట్రియల్‌లో ఏ పెద్ద ఎంపిక జరిగినా ఒక పాత పేరు తవ్వుతారు. 1980లో మొదటి అవకాశంతో కెనేడియన్స్ రెజైనా జూనియర్ జట్టు నుంచి డగ్ విక్కెన్‌హైజర్‌ను తీసుకుంది. స్థానిక మాంట్రియల్ జూనియర్స్‌లో మెరిసిన, ఫ్రెంచ్ మాట్లాడే కుర్రాడు డెనీ సవార్‌ను మూడో స్థానంలో షికాగో తన్నుకుపోయింది. సవార్ 1,338 పాయింట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. విక్కెన్‌హైజర్ ఎన్‌హెచ్‌ఎల్ ప్రయాణం 276 పాయింట్ల దగ్గర ఆగింది. సవార్ 1990లో ట్రేడ్ ద్వారా సొంత ఊరికి వచ్చినా, అప్పటికి అతని ఉత్తమ కాలం గడిచిపోయింది.

2022లో ఈ కథను రైట్ పక్షం విరివిగా వాడుకుంది: 'మళ్లీ కళ్లెదుట ఉన్నవాణ్ని వదులుకున్నారు' అని. కానీ కథ నిజానికి ఎదురు తిరుగుతుంది. 1980లో జాబితాల్లో ముందున్నది విక్కెన్‌హైజరే. జూనియర్ లీగ్‌లో చివరి సీజన్‌లో 89 గోల్స్, 170 పాయింట్లు సాధించిన కుర్రాడతను. ఆనాడు క్లబ్బు చేసింది అందరూ అనుకున్న పనే. ఆ చరిత్ర నుంచి పాఠం తీయాలంటే, జూనియర్ పాయింట్లను, జాబితాలను గుడ్డిగా నమ్మొద్దన్నదే రావాలి. అది స్లాఫ్‌కోవ్‌స్కీ పక్షాన నిలిచే పాఠం.

తేదీని బట్టి మారిన తీర్పు

2023 జనవరిలో ఎవరైనా తీర్పు రాస్తే మాంట్రియల్ దోషి. స్లాఫ్‌కోవ్‌స్కీ 39 మ్యాచ్‌ల్లో 4 గోల్స్, 6 అసిస్ట్‌లతో గాయపడి సీజన్‌కే దూరమయ్యాడు. అటు రైట్ సియాటిల్‌కి 8 మ్యాచ్‌లే ఆడినా, తన తొలి ఎన్‌హెచ్‌ఎల్ గోల్‌ను 2022 డిసెంబర్‌లో సరిగ్గా మాంట్రియల్‌పైనే కొట్టాడు. ఆ మీద కెనడా కెప్టెన్‌గా జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచాడు.

2024 జులైకి వచ్చేసరికి మాట మారింది. రెండో సీజన్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీ 82 మ్యాచ్‌లూ ఆడి 20 గోల్స్, 30 అసిస్ట్‌లు సాధించాడు. కెప్టెన్ నిక్ సుజుకి, కోల్ కాఫీల్డ్‌లతో కలిసి మొదటి వరుసలో కుదురుకున్నాక వచ్చిన ఫలితం అది. జులై 1న క్లబ్బు అతనితో ఎనిమిదేళ్లకు 6 కోట్ల 8 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 76 లక్షలు. సుజుకి, కాఫీల్డ్‌ల జీతాలకన్నా కాస్త తక్కువ. రైట్ అదే సీజన్‌లో ఎక్కువ కాలం రెండో అంచె లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌లో గడిపాడు. వాదన ముగిసిందని చాలామంది ప్రకటించేశారు.

2025 వసంతానికి అది మళ్లీ తెరుచుకుంది. స్లాఫ్‌కోవ్‌స్కీ 51 పాయింట్ల దగ్గర నిలకడగా ఉన్నాడు. రైట్ తొలిసారి పూర్తి సీజన్ ఆడి 19 గోల్స్, 25 అసిస్ట్‌లతో 44 పాయింట్లకు చేరాడు. ఇద్దరి మధ్య తేడా ఏడు పాయింట్లు. అదే సీజన్‌లో వీళ్లిద్దరినీ దాటేసి 65 పాయింట్లు సాధించింది, 2022లో వాదనలో పెద్దగా వినబడని లోగన్ కూలీ. జట్టు అరిజోనా నుంచి యూటాకి తరలిపోయాక, ఇరవై ఏళ్ల వయసులో.

ఇదేం కొత్త కాదు. 2017లో నికో హిషియరా, నోలన్ ప్యాట్రికా అని నెలల తరబడి కొట్టుకున్నారు. హిషియర్ నిలబడి న్యూజెర్సీ కెప్టెన్ అయ్యాడు. ప్యాట్రిక్ ఆటను ఆరోగ్య సమస్యలు త్వరగానే ఆపేశాయి. కానీ ఆ డ్రాఫ్ట్ గురించి నేడు ఎక్కువగా చెప్పుకునే పేర్లు మూడు, నాలుగు, అయిదు స్థానాల్లో వెళ్లినవి: మీరో హెయిస్కనెన్, కేల్ మకార్, ఎలియాస్ పెటర్సన్. ఇద్దరి మధ్యే పోటీ అని ముందే గిరి గీసుకోవడంతో గిరి బయట ఉన్నవాడి మీద చూపు పడదు. వాదనకి రెండు పేర్లయితే సౌకర్యం. స్కౌట్‌కి ఆ సౌకర్యం లేదు.

ఎంపికా, పెంపకమా

ఇద్దరి దారులు ఎంపిక రోజు నుంచే విడిపోయాయి, దానికి నియమాలు కొంత కారణం. కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి ఎంపికైన కుర్రాణ్ని ఇరవై ఏళ్లలోపు ఏహెచ్‌ఎల్‌కి పంపడానికి ఆ కాలపు ఒప్పందం సాధారణంగా ఒప్పుకోదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడించాలి, లేదా జూనియర్‌కి తిప్పి పంపాలి. అందుకే రైట్ తొలి ఏడాది సియాటిల్‌లో బెంచీ మీద కొంతకాలం, ఏహెచ్‌ఎల్‌లో ఫామ్ కోసమని అనుమతించే కొద్ది మ్యాచ్‌లు, జూనియర్ ప్రపంచ పోటీలు, మళ్లీ ఒంటారియో అంటూ నాలుగు చోట్ల తిరిగాడు. యూరప్ నుంచి వచ్చిన స్లాఫ్‌కోవ్‌స్కీకి ఆ అడ్డు లేదు. అతన్ని లవాల్‌లోని ఏహెచ్‌ఎల్ జట్టుకి పంపే వీలున్నా మాంట్రియల్ పంపలేదు. తొలి ఏడాది దానికీ విమర్శలొచ్చాయి.

ఆ నిర్ణయం వెనక కోచ్ మార్టిన్ సెయింట్ లూయీ పాత్ర ఉంది. ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోని ఆటగాడిగా మొదలై, వెయ్యికి పైగా పాయింట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరినవాడు డ్రాఫ్ట్ నంబర్ వన్‌కి పాఠాలు చెప్పడం ఈ కథలోని తమాషాల్లో ఒకటి. 2023–24లో 50 పాయింట్లు వచ్చింది కుర్రాడి సహజ శక్తి వల్లా, సుజుకి పక్కన ఆడటం వల్లా, కోచ్ ఓపిక వల్లా? రైట్‌ని మాంట్రియల్ ఎంచుకుని, అదే వరుసలో ఆడించి ఉంటే? ఒక కుర్రాణ్ని రెండు జట్లలో ఒకేసారి పెంచి చూడలేం కనుక, 'సరైన ఎంపిక' అన్న మాటలో ఎంపిక వాటా ఎంతో ఎవరూ విడదీసి చూపలేరు.

అదే వాదన, కొత్త పేర్లతో

2023లో అయిదో స్థానంలో మాంట్రియల్ ఆస్ట్రియా డిఫెన్స్ ఆటగాడు డేవిడ్ రైన్‌బాకర్‌ను తీసుకుంది. రష్యాలో ఒప్పందంలో ఉన్న మత్వేయ్ మిచ్కోవ్‌ను ఏడో స్థానంలో ఫిలడెల్ఫియా పట్టుకుంది. ఈసారి కోపం క్లబ్బు మీద ఆగలేదు. పద్దెనిమిదేళ్ల రైన్‌బాకర్‌కే సోషల్ మీడియాలో దూషణలు వెళ్లాయి. ఎంచుకోమని అతను అడగలేదు. 2024–25లో మిచ్కోవ్ 26 గోల్స్‌తో 63 పాయింట్లు సాధించగా, రైన్‌బాకర్ సీజన్‌కు ముందే మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. 2024 డ్రాఫ్ట్‌లో మళ్లీ అయిదో స్థానంలో మాంట్రియల్ రష్యా కుర్రాడు ఇవాన్ డెమిడోవ్‌ను తీసుకున్నప్పుడు అభిమానులు పండగ చేసుకున్నారు. ఏడాది ముందు రష్యన్‌ని వదిలేశారని తిట్టిన క్లబ్బు అదే, స్కౌట్లూ వాళ్లే.

డెమిడోవ్ 2025 ఏప్రిల్‌లో జట్టులో చేరేనాటికి మాంట్రియల్ ప్లేఆఫ్స్ ముంగిట ఉంది. చివరి మ్యాచ్‌తో అర్హత సాధించి, మొదటి రౌండ్‌లో వాషింగ్టన్ చేతిలో 4–1తో ఓడింది. స్లాఫ్‌కోవ్‌స్కీ కొత్త ఒప్పందం 2025–26 నుంచి 2032–33 దాకా నడుస్తుంది. అది ముగిసేనాటికి అతనికీ రైట్‌కీ 29 ఏళ్లు నిండి ఉంటాయి, కూలీకి కూడా. హాకీ ఫార్వర్డ్‌లు అత్యధికంగా రాణించే ఇరవైల మధ్య భాగం మొత్తం ఆ ఎనిమిదేళ్లలోనే పడుతుంది. అంతకన్నా ముందు వచ్చే ప్రతి తీర్పుకీ, 2023 జనవరిలో రాసిన తీర్పుకీ ఒకే బలహీనత.